సైనాత్సలో పురమందిరం

సైనాత్సలో పురమందిరం ఫిన్లాండ్ నడిబొడ్డున, పైయాన్నె సరస్సులోని ఒక దీవి మీద ఉన్న మునిసిపల్ భవనం. వాస్తుశిల్పి అల్వార్ ఆల్టో (1898–1976) దీనికి రూపకల్పన చేశాడు. 1950లో పని మొదలై 1952లో పూర్తయింది. సైనాత్సలో అప్పట్లో సుమారు 3,000 మంది ఉండే మిల్లు ఊరు. అలాంటి ఊరికి కావలసినంత భవనమే కట్టారు: ఒక అంతస్తు ఎత్తుకు లేపిన ముంగిలి, దాని చుట్టూ కార్యాలయాలు, ఒక పక్క గ్రంథాలయం, కింద దుకాణాలు, కొన్ని నివాస గృహాలు, ఒక మూల 17 మీటర్ల ఎత్తున నిలిచిన సభామందిరం. ఎర్ర ఇటుక, కలప, రాగి ఇందులో ప్రధాన సామగ్రి. పరిమాణంలో ఇది మన జిల్లా కేంద్రాల్లోని సాధారణ ప్రభుత్వ కార్యాలయాన్ని మించదు. అయినా 20వ శతాబ్దపు వాస్తుకళ చరిత్ర రాసేవాళ్లు దీని దగ్గర ఆగకుండా ముందుకు పోరు. దేశ రాజధానిలో శాసనసభ కడితే దక్కే గంభీరతను చిన్న ఊరి పాలక మండలికి, ఆ ఊరి కొలతల్లోనే ఎలా తేవచ్చో ఇంత స్పష్టంగా చూపిన భవనాలు చాలా తక్కువ.

దీవి, మిల్లు, మునిసిపాలిటీ

యువాస్కులా నగరానికి దక్షిణాన సరస్సులో దగ్గర దగ్గరగా మూడు దీవులున్నాయి: సైనాత్సలో, లేహ్తిసారి, మూరాత్సలో. 19వ శతాబ్దం చివరి ఏళ్లలో యోహాన్ పార్వియైనెన్ అనే వ్యాపారి ఇక్కడ కోతమిల్లు పెట్టాడు. చుట్టూ అడవి, ఆ అడవి దుంగలను తేల్చి తెచ్చుకోవడానికి సరస్సు. కలప వ్యాపారానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు. తరవాత ప్లైవుడ్ కర్మాగారం కూడా వచ్చింది. పనివాళ్లు వచ్చారు, ఇళ్లు లేచాయి, బడి వచ్చింది. పార్వియైనెన్ కుమార్తె హన్నా మిల్లు బాధ్యతలు తీసుకున్నాక ఊరికి ఒక చర్చి కట్టించి ఇచ్చింది. దాన్ని రూపొందించిన వీవీ లోన్ ఫిన్లాండ్‌లో సొంతంగా వాస్తు కార్యాలయం నడిపిన తొలి మహిళ. ఆల్టో రాకముందే ఈ చిన్న దీవికి మంచి వాస్తుకళతో పరిచయం ఉందన్నమాట.

1924లో ఈ దీవులు ప్రత్యేక మునిసిపాలిటీ అయ్యాయి. ఫిన్లాండ్‌లో గ్రామీణ స్థానిక పాలనను 1865లోనే చర్చి అధికారం నుంచి విడదీశారు. 1917లో స్వాతంత్ర్యం వచ్చిన తరవాత స్థానిక సభలకు మరింత బలం చేకూరింది. అయితే సైనాత్సలోలో ఇల్లూ, కూలీ, గుడీ, దారీ అన్నీ మిల్లు నీడలోనివే. అలాంటి చోట ప్రజలు ఎన్నుకున్న సభకు తనదైన కప్పు ఉండడం అలంకారం కాదు. ఊరు కంపెనీది కాదు, ఊరివాళ్లది అని కంటికి కనబడేలా చెప్పే ఏర్పాటు అది. ఈ భవనాన్ని అర్థం చేసుకోవడానికి ఆల్టో శైలి కన్నా ముందు ఈ సంగతి తెలియాలి.

1940ల మొదట్లో కంపెనీ కోరిక మీద ఆల్టో దీవికి పట్టణ ప్రణాళిక గీశాడు. అందులో ఊరి నడుమ ఒక పచ్చిక బయలు, దాని ఎగువ కొసన ప్రజాభవనానికి చోటు ఉన్నాయి. కాని యుద్ధకాలం అది. సోవియట్ యూనియన్‌కు వదులుకున్న ప్రాంతాల నుంచి నాలుగు లక్షలకు పైగా జనం దేశం లోపలికి తరలివచ్చారు. వాళ్లకు ఇళ్లు చూపాలి, సోవియట్లకు యుద్ధ పరిహారం చెల్లించాలి. ఆ చెల్లింపు 1952 సెప్టెంబరులో గాని ముగియలేదు. అదే ఏడు హెల్సింకిలో ఒలింపిక్స్ జరిగాయి, అదే ఏడు ఈ భవనం పూర్తయింది. చితికిన దేశం మళ్లీ నిలదొక్కుకుంటున్న కాలపు కట్టడం ఇది.

పోటీ, నిర్మాణం

1949లో మునిసిపాలిటీ కొందరు వాస్తుశిల్పులను ఆహ్వానించి పోటీ పెట్టింది. పేర్లు బయటపెట్టకుండా మారుపేర్లతో నమూనాలు పంపడం అక్కడి ఆనవాయితీ. ఆల్టో తన నమూనాకు పెట్టిన మారుపేరు ‘క్యూరియా’, అంటే పురాతన రోమ్‌లో సెనేట్ కూర్చున్న మందిరం. చలిదేశపు దీవి మీది మిల్లు ఊరికి రోమన్ సభ పేరు పెట్టడంలోనే అతని ఉద్దేశం తెలుస్తుంది. 1924లో పెళ్లయ్యాక భార్య ఐనోతో కలిసి ఇటలీ వెళ్లిన నాటి నుంచి అక్కడి కొండ ఊళ్లు, నడిమి చౌకులు, ఇటుక గోపురాలు ఆల్టో మనసులో ఉండిపోయాయి. వాటిని ఫిన్లాండ్‌కు ఎలా తేవాలన్న ప్రశ్నకు అతనికి దొరికిన మంచి సమాధానాల్లో ఇది ఒకటి.

పోటీ జరిగిన 1949 జనవరిలోనే ఐనో మరణించింది. ఇరవై అయిదేళ్ల పాటు అతని పనిలో సమాన భాగస్వామిగా ఉన్న వాస్తుశిల్పి ఆమె. అదే సంవత్సరం ఎలిస్సా మాకినియెమి అనే యువ వాస్తుశిల్పి ఆల్టో కార్యాలయంలో చేరింది. సైనాత్సలో నిర్మాణ స్థలంలో పర్యవేక్షణ బాధ్యత ఆమెదే. మేస్త్రీలతో మాట్లాడి, కాగితం మీది గీతను గోడగా మార్పించిన మనిషి ఆమె. 1952లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. 1976లో ఆల్టో పోయాక కార్యాలయాన్ని నడిపి, మిగిలిన పనులు పూర్తి చేయించింది కూడా ఆమే. ఈ భవనం గురించి రాసేటప్పుడు చాలామంది ఆమెను ఒక వాక్యంలో దాటేస్తారు. ఇక్కడి ఇటుక పనితనం చూస్తే అది న్యాయం కాదనిపిస్తుంది. పునాది నుంచి కప్పు దాకా దగ్గరుండి చూసుకునే మనిషి లేకపోతే ఇలాంటి గోడలు లేవవు.

ఎత్తు మీది ముంగిలి

స్థలం పైన్ చెట్ల మధ్య వాలుగా ఉన్న నేల. పునాదులు తవ్వినప్పుడు వచ్చిన మట్టిని బయటికి తరలించకుండా ఆల్టో భవనం నడుమే పోయించాడు. అలా ముంగిలి చుట్టుపక్కల నేల కన్నా ఒక అంతస్తు ఎత్తుకు లేచింది. ఈ ఒక్క నిర్ణయం నుంచే భవనంలోని తక్కిన గుణాలన్నీ పుట్టాయి. బయటి నుంచి చూసేవాళ్లకు రెండంతస్తుల కట్టడం కనిపిస్తుంది. లోపల ముంగిట్లో నిలబడ్డవాళ్లకు చుట్టూ ఒకే అంతస్తు, ఇల్లంత తగ్గుగా, దగ్గరగా ఉంటుంది. కింది అంతస్తులో వీధి వైపు తిరిగిన దుకాణాలు. పైన ఊరి పాలన నడిచేది. బేరసారాల చప్పుడు ముంగిట్లోకి రాదు. అలాగని రెండూ వేరు వేరు భవనాల్లోనూ లేవు.

మన మండువా ఇంటిని ఎరిగిన వాళ్లకు ఈ ఏర్పాటు వెంటనే పట్టుబడుతుంది. నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశం. అయితే మండువాలో నడిమి నేల పల్లం. వాన నీళ్లు అక్కడ పడి బయటికి పోవాలి. ఇక్కడ నడిమి నేలే మెరక. కోనసీమ వానకు పుట్టిన రూపం ఒకటి, ఆరు నెలల మంచుకు పుట్టిన రూపం ఇంకొకటి. లోపలివాళ్లంతా ఒకరికొకరు కనబడుతూ ఉండాలన్న కోరిక మాత్రం రెండింట్లోనూ ఒకటే.

కార్యాలయాల భాగం మూడు వైపులా ఉంటుంది. నాలుగో వైపు గ్రంథాలయం విడిగా నిలుస్తుంది. రెంటి మధ్య మూలల్లో ఖాళీలు వదిలారు. ఆ ఖాళీల్లోంచే మెట్లు పైకి వస్తాయి. తూర్పు వైపువి గ్రానైట్ మెట్లు. సభకు వచ్చేవాళ్లు, పని మీద వచ్చేవాళ్లు ఎక్కేవి. పడమటి వైపువి మట్టి మెట్లు. అడ్డంగా పెట్టిన చెక్కలు మట్టిని నిలబెడతాయి, పైన పచ్చిక పెరుగుతుంది. కొండవాలే మెట్లయి ముంగిట్లోకి నడిచి వచ్చినట్టు ఉంటాయి. వాస్తుకళ పాఠ్యగ్రంథాల్లో ఈ భవనం ఫొటో వేస్తే చాలావరకు ఈ పచ్చిక మెట్లదే వేస్తారు. అధికారపు మెట్లకు రాయి, అడవి వైపు మెట్లకు గడ్డి. రెండూ చేర్చేది ఒకే ముంగిలికి. పౌరుడు ఎటు నుంచి వచ్చినా చేరే చోటు ఒకటే కావాలన్న ఆలోచన ఇందులో ఉందని నా అభిప్రాయం. ముంగిట్లో చిన్న నీటి తొట్టి, ప్రవేశం దగ్గర చెక్క పందిరి, గోడల మీదికి పాకే తీగలు ఉన్నాయి. ఆర్భాటంగా ఏదీ లేదు.

నడవా

ముంగిలిని ఆనుకుని అద్దాల నడవా సాగుతుంది. కార్యాలయ గదులన్నీ దీనిలోకే తెరుచుకుంటాయి. నేల ఇటుక, కిటికీల కింద గోడ ఇటుక, ఆ గోడ దగ్గరే కూర్చోవడానికి ఇటుక అరుగులు, వాటి అడుగున వేడి గొట్టాలు. శీతాకాలంలో ఉష్ణోగ్రత సున్నాకు ఎంతో దిగువకు పడిపోయే చోట, పన్ను కట్టడానికో అర్జీ ఇవ్వడానికో వచ్చిన మనిషి వంతు కోసం కూర్చుంటే ఒంటికి వెచ్చదనం తగిలేది. ఎదురుగా అద్దంలోంచి మంచు కప్పిన ముంగిలి, దాని అవతల గ్రంథాలయంలో వెలిగే దీపాలు కనిపిస్తాయి. ప్రభుత్వ కార్యాలయాల్లో అందరికన్నా ఎక్కువసేపు ఉండేది ఎదురుచూసేవాళ్లు. వాళ్ల సౌకర్యం గురించి ఇంత శ్రద్ధగా ఆలోచించిన కార్యాలయాలు ఏ దేశంలోనైనా ఎన్ని ఉన్నాయి? సభామందిరం గురించి రాసినంతగా ఈ నడవా గురించి ఎవరూ రాయలేదు. నా మటుకు భవనంలో అత్యంత మానవీయమైన భాగం ఇదే.

తలుపు పిడుల్లోనూ ఇదే శ్రద్ధ. చలిలో లోహం చేతికి చురుక్కుమంటుంది. అందుకని ఆల్టో కంచు పిడులకు తోలు చుట్టించాడు. భవనంతో మనిషి మొదటి స్పర్శ చేతిదే కాబట్టి అది సుఖంగా ఉండాలన్నది అతను తన కట్టడాల్లో ఎక్కడా వదలని పట్టుదల. కుర్చీలు, బల్లలు, దీపాలు కూడా చాలావరకు ఆల్టో రూపాలే. 1935లో ఆల్టో, ఐనో మరి ఇద్దరితో కలిసి స్థాపించిన ఆర్టెక్ సంస్థ వాటిని అమ్మేది.

సభామందిరం

నడవా చివరి నుంచి ఇటుక మెట్లు మొదలై సభామందిరం గోడ వెంట మలుపు తిరుగుతూ పైకి పోతాయి. రెండు వైపులా ఇటుక గోడలే. పైన కప్పుకు దగ్గరగా సన్నటి కిటికీల వరుస, అందులోంచి జారే వెలుతురు. ఎక్కే కొద్దీ దారి ఇరుకుగా, నిశ్శబ్దంగా అనిపిస్తుంది. చివర తలుపు తీస్తే ఒక్కసారిగా ఎత్తయిన గది. చుట్టూ మళ్లీ ఇటుకే. చెక్క పలకలు అమర్చిన కిటికీ వెలుగును తగ్గించి లోపలికి పంపుతుంది. నేల మాత్రం నునుపైన చెక్క. అప్పటిదాకా గరుకు ఇటుక మీద నడిచిన కాళ్లకు ఈ మార్పు తెలుస్తుంది. అడుగు చప్పుడు మారుతుంది, నడక నెమ్మదిస్తుంది.

ఈ మార్పునే ఆంగ్ల విమర్శకుడు కెనెత్ ఫ్రాంప్టన్ 1983లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ప్రధాన ఉదాహరణగా తీసుకున్నాడు. ప్రపంచమంతటా ఒకే మూస భవనాలు లేస్తున్న కాలంలో, స్థలాన్నీ వాతావరణాన్నీ స్పర్శనూ వదులుకోని ఆధునికత సాధ్యమే అన్నది అతని వాదం. వాస్తుకళ కంటికి మాత్రమే సంబంధించింది కాదు, కాలికీ చేతికీ చెవికీ కూడా సంబంధించిందని చెప్పడానికి ఈ ఇటుక మెట్లనూ చెక్క నేలనూ సాక్ష్యంగా చూపాడు. అప్పటి నుంచి వాస్తు కళాశాలల్లో ఈ భవనం పాఠమైంది. మన దేశంలో వాస్తుకళ చదివే పిల్లలు కూడా ఈ పేరు వినే ఉంటారు.

తలెత్తి చూస్తే మందిరంలోని మరో విశేషం కనబడుతుంది. కప్పును మోసేవి రెండు కలప ట్రస్సులు. ఒక్కో ట్రస్సు నడిమి బిందువు నుంచి సన్నటి కర్రలు చేతి వేళ్లలా నలువైపులా విచ్చుకుని కప్పును పట్టుకుంటాయి. సీతాకోకచిలుక ట్రస్సులని వీటికి పేరు. చూడడానికి అలంకారంలా ఉన్నా వీటికి పని ఉంది. పైకప్పుకూ లోపలి కప్పుకూ మధ్య అడ్డు దూలాల వరుసలు అవసరం లేకుండా చేశాయి. ఆ ఖాళీలో గాలి ఆడుతుంది. మంచు పేరుకునే కప్పులకు ఈ గాలి చాలా అవసరం, లేకపోతే లోపలి ఆవిరి చెమ్మగా మారి కలపను పాడుచేస్తుంది. కలప కోసి బతికే ఊరి సభకు తలమీద నిలిచిన నిర్మాణం కూడా కలపదే కావడం ఆ ఊరివాళ్లకు ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

ఎత్తు గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. ఇంత చిన్న మునిసిపాలిటీకి ఇంత ఎత్తు మందిరం ఎందుకు, ఇటుక ఖర్చు ఎవరు భరిస్తారు అని సభ్యులు అడిగారట. ప్రపంచంలో అత్యంత సుందరమైన పురమందిరం ఇటలీలోని సియెనాలో ఉందనీ, దాని సభ ఎత్తు 16 మీటర్లనీ, కనుక మనం 17 మీటర్లు కడదామనీ ఆల్టో జవాబిచ్చాడట. సియెనా ఎత్తును ఎవరు కొలిచారన్నది అలా ఉంచితే, సభ్యులు ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకోలు మీద ఎక్కువమంది ఆగి ఆలోచించరు. వాస్తుశిల్పి మాట చమత్కారంగా గుర్తుండిపోయింది. కాని యుద్ధపు అప్పు తీరని దేశంలో, తమ సభ సియెనా సభకు తీసిపోనక్కరలేదని నమ్మి చేయెత్తిన మిల్లు ఊరి ప్రతినిధుల ధైర్యం కూడా ఈ భవనానికి పునాదే.

ఇటుక

ఆల్టోకు పేరు తెచ్చిన 1930ల కట్టడాలు, ముఖ్యంగా పైమియో క్షయ చికిత్సాలయం (1933), తెల్లటి గోడలవి. యుద్ధం తరవాత అతను ఇటుక వైపు తిరిగాడు. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు కట్టిన బేకర్ హౌస్ వసతి గృహం (1949) మొదటి పెద్ద అడుగు, సైనాత్సలో రెండోది. ఆ తరవాత యువాస్కులా విద్యాలయ ప్రాంగణం, హెల్సింకిలో జాతీయ పింఛను సంస్థ, సాంస్కృతిక భవనం వరుసగా ఇటుకలో లేచాయి.

సైనాత్సలో గోడలను ఎండ ఏటవాలుగా పడే వేళ చూడాలి. ఇటుకలు మట్టంగా, అద్దంలా ఒకే తలంలో లేవు. కొన్ని కొద్దిగా ముందుకు, కొన్ని కొద్దిగా పక్కకు తిరిగి ఉంటాయి. ఇది మేస్త్రీల పొరపాటు కాదు, కావాలని పేర్పించినదే. ఆ చిన్న చిన్న అంచుల నీడలు గోడంతా పాకి, చదునైన తలానికి ప్రాణం పోస్తాయి. ఉత్తరాన ఎండ చాలాకాలం నేలకు దగ్గరగానే తిరుగుతుంది కాబట్టి ఈ ఉపాయం అక్కడ మరింత బాగా పనిచేస్తుంది. మట్టం చూసి గోడ కట్టడమే జీవితమంతా నేర్చుకున్న తాపీ మేస్త్రికి ‘కొంచెం తప్పించి పెట్టు’ అని చెప్పడం సులువు కాదు. తప్పించడంలోనూ ఒక లెక్క ఉండాలి, లేకపోతే గోడ చిందరవందరగా కనబడుతుంది.

నిర్మాణం జరుగుతున్న రోజుల్లోనే ఆల్టో, ఎలిస్సా పక్కనున్న మూరాత్సలో దీవి ఒడ్డున ఒక స్థలం చూసి, తరవాత తమకోసం వేసవి ఇల్లు కట్టుకున్నారు. ‘ప్రయోగ గృహం’గా పేరుపడిన ఆ ఇంటి ముంగిలి గోడల మీద సుమారు 50 గళ్లలో రకరకాల ఇటుకలూ పలకలూ రకరకాల తీరుల్లో పేర్చి, ఏది చలికి ఎలా నిలుస్తుందో, ఏది కంటికి ఎలా ఆనుతుందో పరీక్షించారు. పురమందిరం చూడడానికి వెళ్లేవాళ్లు ఇది కూడా చూస్తేనే ఆ గోడల వెనకాల ఉన్న ఆలోచన తెలుస్తుంది.

తరువాతి కాలం

కింది అంతస్తు దుకాణాల వెనక ఒక ముందుచూపు ఉంది. ఊరు పెరిగి కార్యాలయాలకు చోటు చాలనప్పుడు, కొత్త భవనం కట్టకుండా దుకాణాల చోటును కార్యాలయాలుగా మార్చుకోవచ్చు. అప్పటిదాకా వాటి అద్దె మునిసిపాలిటీకి ఆదాయం. బయటి రూపం చెక్కుచెదరకుండా భవనం లోపల్లోపలే పెరిగే ఈ పద్ధతిని ప్రజాభవనాలు కట్టేవాళ్లు ఎవరైనా గమనించాలి.

పెరుగుదలకు సిద్ధపడిన భవనం చివరికి తన మునిసిపాలిటీనే కోల్పోయింది. 1993లో సైనాత్సలో యువాస్కులా నగరంలో విలీనమైంది. ప్రత్యేక సభ రద్దయింది. భవనం నగరపు ఆస్తిగా మారి, స్థానిక సేవా కార్యాలయంగా, సమావేశాలకు చోటుగా, సందర్శకులు వచ్చే స్థలంగా కొనసాగింది. 1990లలోనే దీనికి చట్టబద్ధమైన రక్షణ లభించింది. ఆ దశాబ్దం చివరి సగంలో మరమ్మతులు జరిగాయి. పూర్వపు నివాస గదుల్లో అతిథులు బస చేసే ఏర్పాటు కూడా నడిచింది.

ఆల్టో ఆ తరవాత సెయినాయోకి, అలయార్వి వంటి ఊళ్లకు కూడా పురమందిరాలు రూపొందించాడు. సెయినాయోకిలోనైతే చర్చి, గ్రంథాలయం, రంగస్థలంతో సహా ఊరి కేంద్రమంతా అతనిదే. సెయినాయోకిది ఇంకా పెద్దది, దానిలో ఘనత ఎక్కువ. మనిషి కొలతకు దగ్గరగా ఉన్నది మాత్రం సైనాత్సలోదే. మట్టి, మెట్టు, అరుగు, పిడి వంటి చిన్న సంగతులు ఇక్కడ భవనం మొత్తానికి స్వరూపం ఇచ్చినంతగా వాటిలో ఇవ్వలేదు.

2021లో ఫిన్లాండ్ ప్రభుత్వం ఆల్టో కట్టడాల్లో 13 ఎంచి యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేర్పించింది. పైమియో చికిత్సాలయం, విల్లా మైరేయా అనే ఇల్లు, మూరాత్సలో ప్రయోగ గృహంతో పాటు సైనాత్సలో పురమందిరం ఆ వరుసలో ఉంది.